సగం సీసా

సీసా మూత మీది రేకు పెరికి, రోలండ్ కుబియాక్ మందంతా సిరంజిలోకి లాగాడు. గాజుకు అంటుకున్న ఆఖరి చుక్క కోసం సీసాను తలకిందులు చేసి గోటితో కొట్టాడు. మనిషి బరువును బట్టి మందు కొలవాలని గోడమీద కాగితం ఉంది. మిగిలింది పారబోయాలట. ఆ కాగితం అంటించినవాళ్ళు ఏనాడూ ఆకలితో పడుకుని ఉండరని రోలండ్ నమ్మకం. బంగాళాదుంప తొక్కలు కూడా పారేయనివ్వని తల్లి పెంచింది అతన్ని. పైగా మందు ఎక్కువైతే ఎమ్మారై స్కాన్‌లో బొమ్మ ఇంకా తేటగా వస్తుందనుకునేవాడు. ఎవరూ కాదనలేదు. అసలెవరూ అడగలేదు.

ఈరీ ఊళ్ళో, సరస్సు గాలికి కిటికీ అద్దాలకు మంచుపట్టే ఆసుపత్రి అడుగు అంతస్తులో అతని బతుకంతా గడిచిపోయింది. పొట్టి మెడ, చెవుల్లో తెల్ల వెంట్రుకలు, సబ్బుకు పగిలిన వేళ్ళు. పెళ్ళాం వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు యంత్రం గది అద్దం వెనక ఒక్కడే కూచుని చల్లారిన సాసేజీ, పుల్ల క్యాబేజీ తినేవాడు. ఊళ్ళో సగంమంది కాలేయాలు చూశాడు. మొహాలు అడిగితే చెప్పలేడు.

ఆ పూట వచ్చింది వెర్నా స్టోల్జ్, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు గౌనులో చీపురుకట్టలా ఉంది. కాలేయంలో కణితి. ఒక్కటే అయితే కోసి తీసేస్తారు, పక్కన రెండోది ఉంటే కత్తి పట్టరు. ఆ సంగతి ఈ బొమ్మే తేల్చాలి. గురువారం సర్జన్లు కూచుని చూస్తారు.

సూది గుచ్చుతుంటే ఆవిడ మొహం చిట్లించింది.

"ఏంటయ్యా ఈ చేతులు, ఐసుగడ్డల్లా? శవాల గదిలోంచి వస్తున్నావా?"

"లేదమ్మా. అది పక్క గది."

ఆవిడ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. యంత్రంలోకి తోసి, అద్దం వెనక్కి పోయి మందు వదిలాడు. మందు కాలేయానికి చేరే ఆ మొదటి క్షణాల్లోనే కణితి బయటపడుతుంది. ఊపిరి బిగబట్టమని మైకులో చెప్పాడు. ఆవిడ రొమ్ము ఎగసెగసి పడింది. తెరమీద బొమ్మ తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోయింది.

బయటికి లాగాక వెర్నా చాలాసేపు బల్ల అంచు పట్టుకుని కూచుంది.

"బిగబట్టమంటావు. ఉంటే కదా బిగబట్టడానికి. నీ మందు ఎక్కగానే రొమ్ముమీద ఎవడో కూచున్నట్టయింది."

"చెప్పింది వినకపోతే నేనేం చెయ్యను?"

"బస్సునిండా పిల్లల్ని నోరు మూయించినదాన్ని. వినడం గురించి నాకు చెప్పకు."

సాయంత్రం, బొమ్మలు చూసి చెప్పే డాక్టర్ మెర్సర్ దిగివచ్చింది. మందు ఎంత ఇచ్చావని అడిగింది. సీసా మొత్తమన్నాడు. ఆ ఒంటికి సగం చాలని, ఎక్కువైతే సరిగ్గా ఆ క్షణంలోనే కొందరికి ఊపిరాడదని ఆమె చెప్పింది. ఆవిడకు అందుకే అలా అయిందని గట్టిగా అనలేనంది, కాదనీ అనలేనంది. గోడమీది కాగితం వైపు చూసింది.

"ఇన్నేళ్ళూ ఇలాగే ఇచ్చాను. ఎవరూ చావలేదు," అన్నాడు రోలండ్.

"నీకెలా తెలుసు? తలుపు దాటేదాకానేగా నువ్వు చూసేది."

ముండ చదువులు, అనుకున్నాడు. ఆ రాత్రి ప్లేటు ముందు పెట్టుకుని కూచుని, తినకుండానే లేచాడు.

గురువారం సర్జన్లు, బొమ్మలో ఏదీ తేలలేదని వెర్నా కాగితాలు పక్కన పెట్టారు. మళ్ళీ తీయడానికి ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకునేసరికి, యంత్రం ఖాళీ దొరికేసరికి, సరస్సు మీద మంచు కరిగింది.

ఆ ఉదయం రోలండ్ పెందరాళే వచ్చాడు. వారం కిందట క్లినిక్కులో చూసిన వెర్నా బరువు వెతికాడు. ఇంకా తగ్గింది. గోడమీది కాగితం దగ్గరికి పోయి, కళ్ళజోడు పైకెత్తి, మొదటిసారి చివరిదాకా చదివాడు. మందు లాగాడు, గీత దగ్గర ఆపాడు. సీసాలో మిగిలినదాన్ని తొట్టిలో పారబోశాడు.

అప్పుడు ఫోన్ మోగింది. వెర్నా చెల్లెలు. అక్క మొన్న పోయిందని, ఆ సమయం ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పింది. సరేనన్నాడు.

తరవాతి మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. బెల్టు విప్పమని వేరే చెప్పాలా, అని వాడిమీద అరిచి రోలండ్ లోపలికి పోయాడు.

బల్లమీది పళ్ళెంలో, వెర్నా స్టోల్జ్ పేరు అంటించిన సిరంజి, నీళ్ళలా తేటగా, సగం దాకా నిండి ఉంది.