ఉడుకులకోన ద్రాక్ష

ప్రొద్దుటూరులో అబ్దుల్ సలాం పరుపులు కుట్టేవాడు. పొద్దున్నే దూది పరిచి కర్రతో ఏకుతుంటే, భార్య దిల్షాద్‌బీ పక్కన కూర్చుని గుడ్డకు అంచులు కుట్టేది. మధ్యాహ్నానికి దూది పట్టి ఇద్దరి తలలూ తెల్లబడేవి. ఒకప్పుడు ఒకరి తల చూసి ఒకరు నవ్వుకునేవాళ్లు. కూతురు మసరత్ పోయినప్పటి నుంచి ఎవరి తల వాళ్లే దులుపుకుంటున్నారు.

డిగ్రీ చదివే పిల్ల. జ్వరమొచ్చి చూస్తుండగానే వాడిపోయింది. కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. కారెక్కబోతున్న దిల్షాద్‌బీని సలామే ఆపాడు. "నువ్వు ఏడ్చి బిడ్డను బెదిరిస్తావు, ఇంటికాడ ఉండు" అన్నాడు. ఆళ్లగడ్డ దాటాక కారులోనే పిల్ల ప్రాణం పోయింది.

ఆఖరున ఏమన్నదని దిల్షాద్‌బీ అడిగినప్పుడల్లా సలాం చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. మెల్లగా మాట్లాడడమే మానేసింది. పులివెందులలో తమ్ముడు అమీర్ బాషా దగ్గరికి పోయి అక్కడే ఉండిపోదామని తీర్మానించుకుంది. అంతలో ఉడుకులకోన హోటలు నుంచి పరుపులు కావాలని కబురొచ్చింది. పులివెందుల బస్సు ఆ ఊరి నుంచీ ఉంది కాబట్టి బట్టలు సంచిలో సర్దుకుని ఆమె కూడా పరుపుల బండెక్కింది. సలాం సంచి వంక చూసి, దాన్ని అందుకుని పరుపుల మధ్య పెట్టాడు.

ఉడుకులకోన జమ్మలమడుగు అవతల కొండల నడుమ ఉంది. అక్కడ బండల సందుల్లోంచి వేడినీళ్లు పొంగుతాయి. వాటి చుట్టూ హోటళ్లు లేచాయి. బెంగళూరు వాళ్లు, హైదరాబాదు వాళ్లు వచ్చి తొట్లలో మెడలోతున కూర్చుంటారు. మునిగినవాళ్ల బాధ ఆ నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు కాలవ గుండా ద్రాక్షతోటకు పారుతాయి, తెల్లారేసరికి గుత్తుల్లోకి ఎక్కుతాయి. మోకాళ్ల నొప్పులు పారిన సాళ్లలో పండు చిన్నది, పులుపు. దుఃఖం పారిన సాళ్లలో నల్లగా, చిక్కగా కాస్తుంది. వైను చేసేవాళ్లు ముందు దాన్నే కోయించుకుంటారు.

పరుపులన్నీ దింపేసరికి సలాం నడుం వంగిపోయింది. హోటలు మేనేజరు అది చూసి, "వెనక తొట్టి ఖాళీగా ఉండాది పెద్దాయనా, కాసేపు మునుగు" అన్నాడు.

దిల్షాద్‌బీ బయట అరుగు మీద కూర్చుంది. పొద్దు వాలేవేళ సలాం తుండుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. అతని మొహం నిఖా నాటి మొహంలా ఉంది.

"మసరత్ ఉంటే ఈ నీళ్లలోంచి బయటికే వచ్చేది కాదు" అన్నాడు నవ్వుతూ.

ఇన్నాళ్లుగా ఆ పేరు అతని నోట వినలేదామె. వెంటనే అడిగింది. "ఆ పొద్దు కారులో ఏమనింది?"

సలాం దాటేయలేదు. నిలబడి ఆలోచించాడు. "ఏమో దిల్షాద్. ఎంత అనుకున్నా గుర్తుకు రావడంల్యా."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలిసింది. బిడ్డ ఆఖరి మాట తెలిసిన ఒక్క మనిషీ దాన్ని కాలవలో వదిలేసి వచ్చాడు. ఆమె లేచి సంచి తీసుకుని అవతలి అరుగు మీదికి పోయి కూర్చుంది.

తెల్లారి బస్సుకోసం తోట పక్కగా నడుస్తుంటే, పళ్లు కోయించే మస్తానమ్మ ఎదురైంది.

"ఏంది బూబమ్మా, మొహం అట్లుండాది?"

"మా ఆయన నిన్న వెనక తొట్లో మునిగినాడు. ఆయన బాధ యాడికి పోయిందో."

"యాడికీ పోదు. వెనక తొట్టి నీళ్లు ఈ సాలుకే వస్తాయి" అంటూ పందిరి కింద ఒక తీగ చూపించింది. దానికి గుత్తులు నల్లగా వేలాడుతున్నాయి.

దిల్షాద్‌బీ ఒక పండు తెంపి నోట్లో వేసుకుంది.

కారు వెనక సీటు. సలాం ఒళ్లో మసరత్ తల. "అమ్మీ యాడ?" అంటోంది పిల్ల. "వెనక బండిలో వస్తాంది తల్లీ" అంటున్నాడు సలాం. పిల్ల ఓపిక తెచ్చుకుని లేచి వెనక అద్దంలోంచి చూసింది. దూరంగా ఏదో బండి లైట్లు వస్తున్నాయి. "అదేనా నాయనా?" "అదే." పిల్ల తృప్తిగా అటే చూస్తూ అతని భుజమ్మీద గడ్డం ఆనించింది. ఆ బండి వాళ్లను దాటుకుని ముందుకు పోయింది. అప్పటికే ఆ కళ్లు కదలడం లేదు.

దిల్షాద్‌బీ పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. ఇది చెప్పలేకనా ఈ మనిషి చెప్పులేసుకుని వీధిలోకి పోయింది?

"ఈ గుత్తులు ఎవరూ కోయొద్దు మస్తానమ్మా" అంది. నేల మీద చతికిలబడి, ఒక్కొక్క పండూ తినసాగింది. ఎవరో ఊరుపేరు తెలియనివాళ్ల గ్లాసులోకి తన బిడ్డ పోకూడదు. మస్తానమ్మ కోసేవాళ్లను వేరే సాలుకు పంపి, పక్కన కూర్చుంది.

పళ్లన్నీ అయ్యాక మస్తానమ్మ, "ఇంత బరువు ఎట్ల మోస్తావు? నువ్వూ పోయి మునుగు" అంది.

"ఒద్దు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాల గదా."

పులివెందుల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆమె తల తిప్పలేదు.

హోటలు ముందు టీ అంగడి దగ్గర సలాం బెంచీ మీద ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగాడు.

"పోలేదా?"

"పోలేదు."

అతను టీ చెప్పి అన్నాడు. "రాత్రంతా అనుకుంటానే ఉండా. నువ్వడిగింది. బిడ్డ ఆ పొద్దు నొప్పి పడిందా ఏందో. నీకేమన్నా తెలుసా?"

దిల్షాద్‌బీ పెదవుల మీద ఇంకా నలుపు ఆరలేదు. కొంగుతో తుడుచుకుంది.

"నువ్వే చెప్పినావు గదా నాకు" అంది. "నీ ఒళ్లో పండుకోని, నిద్రలోనే పోయిందని."

"అట్లనా" అన్నాడు సలాం. ఊపిరి వదిలి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. "నిద్రలోనే అయితే మేలే."

"ఊఁ" అంది ఆమె.