ఎవరూ విప్పని తాయెత్తు

యూసుఫ్ సాబ్‌కు షుగర్ ఉందన్న సంగతి ఆదోనిలో డాక్టరుకూ, భార్య ఫాతిమా బీకీ తప్ప మరో ప్రాణికి తెలియదు. తెలిస్తే పరువు బజారున పడుతుందని ఆయన బెంగ. దుప్పట్ల వ్యాపారికి షుగర్ వస్తే దుప్పట్లేమన్నా చిరుగుతాయా అని ఆవిడ అడిగి అడిగి విసిగిపోయింది. పెళ్ళిలో మిఠాయి పెడితే ఎక్కడ గుట్టు బయటపడుతుందోనని వద్దనకుండా తినేసి వచ్చే మొండిఘటం ఆయన.

దుప్పట్లు కొనడానికి ఎమ్మిగనూరుకు ఒంటరిగా పోతుంటాడు. దారిలో మైకం వస్తే దిక్కెవరని ఆవిడ ఆయన పేరు, జబ్బు, తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టింది. అది చొక్కాతో పాటే ఉతుకులో పోయింది. అట్టముక్క మీద రాసి మెడలో వేసుకోమంటే, "నేనేమన్నా బడికి పోయే పిల్లోడ్నా?" అని ఇంతెత్తున ఎగిరాడు. చివరికి ఆవిడకు ఒక ఉపాయం తట్టింది. చీటీని చిన్నగా మడిచి, నల్లగుడ్డలో పెట్టి తాయెత్తు కుట్టి, దండచేతికి కట్టింది. తాయెత్తయితే ఎవరూ విప్పి చూడరు గదా అని ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎవరూ విప్పి చూడకపోతే ఇక అది దేనికన్నది ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ పొద్దున మాత్ర మింగాక, బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు లేవని అలిగి, ఏమీ తినకుండానే బస్సెక్కాడు యూసుఫ్ సాబ్. సగం దారిలో ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. నాలుక మొద్దుబారింది. పక్కనున్న దేవనకొండ తిక్కయ్య భుజం మీదికి ఒరిగిపోయాడు.

"ఏమప్పా, ఏమైండాది?" అంటూ తిక్కయ్య పట్టుకున్నాడు. "కండక్టరన్నా, బస్సు నిలుపు! సాయెబుకు ఏమో అయితాండాది!"

బస్సు ఆగింది. ఎక్కినవాళ్ళందరూ వైద్యులైపోయారు. ఒకరు ఎండదెబ్బన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, ఎవరో పొద్దున్నే తాగినట్టున్నాడన్నారు. ఆ ఆఖరి మాట యూసుఫ్ సాబ్ చెవిన స్పష్టంగా పడింది. జన్మలో చుక్క ముట్టని మనిషి! కోపంతో లేవబోయి, లేవలేక, వణికే వేలితో దండచేయి చూపించాడు.

తిక్కయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇంత మైకంలోనూ దేవుణ్ణి మర్సలేదు సూడండప్పా" అని తాయెత్తు కళ్ళకద్దుకున్నాడు. వెనక సీట్లవాళ్ళూ వంతులవారీగా వచ్చి అద్దుకున్నారు. యూసుఫ్ సాబ్ దారం పట్టి లాగాడు. "వదులైనట్టుండాది" అంటూ కండక్టర్ నరసింహ దానికి ఇంకో ముడి గట్టిగా బిగించాడు.

విప్పండ్రా అని ఆయన అరిచాడు. బయటికి మాత్రం "వి... వి..." అని గాలి వచ్చింది. అప్పుడు నిజంగా భయమేసింది. ప్రాణం నిలిపే మాట తన ఒంటి మీదే ఉంది, పరువు కోసం తానే దాన్ని దాచుకున్నాడు. ఫాతిమాను ఇక చూడలేనేమో, బజ్జీల కోసం అలిగిన మొహమే ఆమెకు మిగిలిపోతుందేమో అనుకుంటే ఏడుపొచ్చింది.

ముందు సీట్లోంచి కౌతాళం హులిగమ్మ లేచింది. "మా పక్క పానం మీదికొస్తే దర్గా కాగితం నీళ్ళల్ల కడిగి తాపుతారు. దాన్ని బయటికి తీయండి."

"తాయెత్తు ఇప్పకూడదమ్మా. కట్టినోళ్ళే ఇప్పల్ల" అన్నాడు నరసింహ.

"కట్టినోళ్ళు వచ్చేదాంక ఈయప్ప ఉంటాడా?" అని ఆమె దారాన్ని పళ్ళతోనే కొరికేసింది.

యూసుఫ్ సాబ్ ఆనందం రెప్పపాటే. హులిగమ్మ నీళ్ళ సీసా మూత తీసి, గుడ్డలోంచి లాగిన కాగితాన్ని అందులో ముంచబోయింది. ఫాతిమా బీ రాసింది సిరా పెన్నుతో! ఆయన ఉన్న కాస్త బలంతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"భయపడొద్దప్పా, చేదుండదు" అని ఆమె ఓదార్చింది.

కాగితం కొస తడవనే తడిసింది. ఈలోగా నరసింహ చూపు దాని మీద పడింది. "ఏయ్, ఉండమ్మా! ఇది మంత్రం గాదు, తెలుగే!" అని లాక్కుని, బస్సంతా వినేలా చదివాడు.

"ఈయన పేరు యూసుఫ్, ఆదోని. షుగర్ ఉంది. అది పడిపోయి చెమటలు పట్టి మాట తడబడితే వెంటనే చక్కెరో బెల్లమో పెట్టండి. కింది నంబరుకు ఫోన్ చేయండి. షుగర్ లేదని అబద్ధమాడతాడు, నమ్మొద్దు."

భయంలోనూ బస్సు గొల్లున నవ్వింది. హులిగమ్మ తన సంచిలోని బెల్లం చిదిపి, అవే నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాపింది. కాసేపటికి యూసుఫ్ సాబ్ కళ్ళకు మనుషులు మనుషుల్లా కనబడ్డారు. నరసింహ ఫోన్ చేస్తే ఫాతిమా బీ ముందు బతికున్నాడా అని ఏడ్చింది. ఉన్నాడని తెలిశాక, "ఉగ్గాని తినలేదని ఒప్పుకున్నాడా లేదా?" అని నిలదీసింది.

తాయెత్తు విప్పగానే సాయెబు లేచి కూర్చున్నాడన్న కబురు బస్సు కంటే ముందే ఊళ్ళు తిరిగింది. బీపీ వాళ్ళు, గుండెనొప్పి వాళ్ళు అలాంటిదే కావాలని దుప్పట్ల దుకాణానికి వరసకట్టారు. ఫాతిమా బీ ఒక్కొక్కరి జబ్బూ నంబరూ అడిగి, రాసి, ఎర్రగుడ్డలో కుట్టింది. ఈసారి తెలివి తెచ్చుకుని పైన తెల్లదారంతో 'విప్పి చదవండి' అని కూడా కుట్టింది. పరువు ఎలాగూ పోయింది కాబట్టి యూసుఫ్ సాబ్ తన షుగర్ గురించి అడగనివాళ్ళకు కూడా చెబుతున్నాడు.

ఒకనాడు తిక్కయ్య వచ్చాడు. "నాకు మూర్ఛలమ్మా. ఒగటి కుట్టియ్యి."

"ఎవురి నంబరు రాయల్లన్నా?"

తిక్కయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. "పెండ్లాం పోయి శానా ఏండ్లాయ. పిల్లోళ్ళు లేరు. ఆ కండక్టరుది రాయమ్మా. నేను పడిపోతే బస్సులోంచి దించేది ఆయప్పే గదా."

యూసుఫ్ సాబ్‌కు ఆ రోజు తాను ఒరిగిన భుజం గుర్తొచ్చింది.

"నాది రాయి" అన్నాడు.

ఫాతిమా బీ పెన్ను ఆపింది. "నువ్వు ఏమవుతావని రాయల్ల?"

తిక్కయ్యే అందుకున్నాడు. "తమ్ముడని రాయమ్మా. నేనే పెద్దోణ్ణి గదా."

తానే పెద్దవాణ్ణని ఎవరితోనైనా గొడవకు దిగే యూసుఫ్ సాబ్ ఈసారి తలూపాడు. ఫాతిమా బీ 'తమ్ముడు, యూసుఫ్' అని రాసి, పక్కన నంబరు వేసింది.