బాణం నొక్కినవాళ్లు

నేను చనిపోయిన సంగతి నాకు జంగప్ప చెప్పాడు.

జంగప్ప మా సందు మొదట్లో చాయ్ హోటల్ నడుపుతాడు. పొద్దున తలుపు తీసేసరికి బంతిపూల దండ పట్టుకొని గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దండను వీపు వెనక దాచాడు.

"ఏందిరా?" అన్నాను.

"ఏం లేదన్నా. చాయ్ తాగుతవేమో అడుగుదమని."

"దండేసి పోస్తవా చాయ్?"

అతను తన ఫోన్ చూపించాడు. దాంట్లో నా ముఖం ఉంది. చదరంగా కత్తిరించిన ముఖం. కింద 'తాండూరు పాలిష్ బండల విశ్వేశ్వర్ గారి' అని ఉంది. ఆ తర్వాత మూడు చుక్కలు. దాని పక్కన దండం పెట్టే చేతులు. పైన 'ఈరోజు' అని రాసి ఉంది.

ఆ ఫోటో నాకు తెలుసు. అనంతగిరి గుడి ముందు తీసింది. దాంట్లో నా పక్కన నా భార్య సత్యమ్మ ఉండాలి. ఇప్పుడు నా భుజం దగ్గర ఆమె కొంగు అంచు మాత్రం ఉంది.

"ఇది సత్యమ్మ పోయినప్పటిది. రెండేండ్లయింది," అన్నాను.

"గదే అన్నా, నాగ్గూడ సమజైతలేదు. మరి ఈరోజు అని ఉన్నది."

సంగతి మొదటినుంచి చెప్పాలి.

వికారాబాదులో హోల్‌సేల్ కిరాణా దుకాణం వాళ్ల కొడుకు మనీష్ 'అడ్డమీద' అని ఫోన్‌లో చూసే వార్తల యాప్ ఒకటి పెట్టాడు. లాక్‌డౌన్ రోజులు. పేపర్లు రావడం లేదు. దాంట్లో ఎవరైనా వార్త పెట్టవచ్చు. ఎక్కడో చదివినది తెచ్చి పెట్టవచ్చు, సొంతంగా రాయనూ వచ్చు. ప్రతి వార్త కింద పైకి చూసే బాణం ఉంటుంది. ఎక్కువ మంది బాణం నొక్కితే ఆ వార్త పైకి పోతుంది. నొక్కకపోతే మునిగిపోతుంది. బాణం పక్కన 'దాచుకో' అని ఇంకో బొత్తాం. అది నొక్కితే ఆ వార్త మన ఖాతాలో 'దాచినవి' అనే చోటికి పోయి ఉంటుంది. తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఏడాది తిరిగేసరికి తాండూరు, పరిగి, దౌల్తాబాద్ అంతా దాని మీదే. మార్కెట్లో కందుల ధర, ఆలస్యంగా నడిచే రైలు, కాగ్నా వాగు పొంగి మునిగిన రోడ్డు, అన్నీ అందులోనే. సేడం వైపు వాళ్లు కన్నడంలో రాసేవాళ్లు. చదవడం రాకపోయినా బాణం నొక్కేవాళ్లం.

అయితే మా దిక్కు జనం బాణాన్ని వేరే పనికి పెట్టారు. చావు కబురు వింటే మనిషి పోవాలి. అది పద్ధతి. పోయి కనబడాలి. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఆ ఇంటివాళ్లు చూసుకుంటారు. 'అడ్డమీద' చావు కబురు పడితే బాణం నొక్కినవాళ్ల పేర్లు కింద కనబడేవి. ఇంకేం కావాలి. "పోయొచ్చినవా?" అని అడిగే జనం "బాణం ఒత్తినవా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒత్తితే వచ్చినట్టే.

సత్యమ్మ పోయిన రోజు ఆమె ఫోన్ నుంచే జంగప్ప ఆ కబురు పెట్టాడు. మా ఇంట్లో అలాంటి ఫోన్ అదొక్కటే. ఖాతా కూడా ఆమెదే. బాణం నొక్కినవాళ్లలో మొదటి పేరు బాల్‌రాజ్. ఆమె సొంత తమ్ముడు. వికారాబాదులో ఉంటాడు. రైలెక్కితే గంట దారి. అతను రాలేదు. మట్టి చేసేనాడు రాలేదు, దినానికి రాలేదు. బాణం నొక్కాడు. అంతే.

నేను అది మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

మాకు పిల్లలు లేరు. సత్యమ్మ ఫోన్ నా దగ్గర ఉంది. ఆమె అడ్డమైనవన్నీ దాచేది. మోకాళ్ల నొప్పికి ఏం చేయాలి, పాత చీరలతో బొంత ఎలా కుట్టాలి, పరిగి బస్సుల వేళలు, ఎవరో పెట్టిన కాకరకాయ పులుసు. "ఇవన్నీ ఎప్పుడు సదువుతవ్?" అనేవాణ్ణి. "అక్కరకొస్తయ్ తీ," అనేది. చదవకుండానే పోయింది. ఇప్పుడు నేను చదువుతున్నాను. పొద్దున లేచి ఒకటి. ఒక్కటే. రెండోది తెరవను. అయిపోతాయి.

ఆ పొద్దున కూడా తెరిచాను. ఫోన్‌లో 'అడ్డమీద' గుర్తు లేదు. దాని చోట ఊదా రంగు బుడగ ఒకటి ఉంది. పేరు 'జూపో'. నొక్కితే పాట మొదలైంది. ఎవరో అమ్మాయి చిందులేస్తోంది. 'దాచినవి' కోసం వెతికాను. లేదు. ఫోన్ పాడయిందేమో అనుకున్నాను. అప్పుడే జంగప్ప తలుపు కొట్టాడు.

ఎనిమిదిన్నర నుంచి నా చిన్న ఫోన్ మోగడం మొదలైంది. పరిగి నుంచి ఒకాయన, బండలు కొనే మనిషి.

"మట్టి ఎన్నిగంటలకు?" అన్నాడు.

"ఎవరిది?"

"విశ్వేశ్వర్ సేటుది."

"నేనే మాట్లాడుతున్న."

"నువ్వెవరు?"

"విశ్వేశ్వర్‌ని."

"గాయన కొడుకువా?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

నా బండల పాలిష్ మిషన్ దగ్గరికి పోయాను. తాళం వేసి ఉంది. సేటు పోయాడని పనివాళ్లు సెలవు తీసుకున్నారు. నన్ను చూడడానికి ఇంటికి కూడా రాలేదు. వాళ్లూ బాణమే నొక్కి ఉంటారు.

జంగప్ప తన ఖాతా నుంచి 'విశ్వేశ్వర్ అన్న బతికే ఉన్నడు' అని పెట్టాడు. గంట తర్వాత చూస్తే దానికి ఒక్క బాణం ఉంది. అది జంగప్పదే. నా చావు మాత్రం పైకి పోతూనే ఉంది.

"నువ్వు బతికున్న ముచ్చట ఎవ్వరు ఒత్తుతలేరన్నా," అన్నాడు.

"కొత్తేముంది?" అని తువ్వాల భుజాన వేసుకొని స్టేషన్‌కు పోయాను. చచ్చానంటే చచ్చాను. దానికి కాదు. 'దాచినవి' ఎటు పోయాయో మనీష్‌ను అడగాలి.

రైలులో ఎదుటి సీటు మనిషి తన ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ధారూర్ దగ్గర లేచి వేరే పెట్టెలోకి పోయాడు.

వికారాబాద్‌లో దిగాను. ఎదుటి ప్లాట్‌ఫాం మీద, తాండూరు బండి ఆగేచోట, బాల్‌రాజ్ నిలబడి ఉన్నాడు. భుజం మీద తెల్ల తువ్వాల. చేతిలో గులాబీల దండ, కవర్లో. జుట్టు నెరిసింది. మెట్లెక్కి అటువైపు దిగి అతని పక్కన నిలబడ్డాను.

"ఎవరు పోయిన్రు?" అన్నాను.

తిరిగి చూశాడు. చేతిలో కవర్ జారిపోయింది. వంగి తీసుకోవాలని కూడా తోచలేదు.

"బావా... నువ్వు... ఫోన్ల చూసిన."

"చూస్తే బాణం ఒత్తాలె గదా. ఒత్తలేదా?"

"ఒత్తిన. ఒత్తినంక ఇంట్ల కూసోబుద్ధి గాలే. బయలెల్లిన."

"అక్క పోయినప్పుడు కూసోబుద్ధయింది."

అతను బెంచీ మీద కూర్చున్నాడు. తాండూరు బండి వచ్చింది. ఆగింది. పోయింది. ఇద్దరం ఎక్కలేదు.

"అప్పుడు అందరు ఒత్తుతుండిరి బావా," అన్నాడు చివరికి. "ఒత్తితే వచ్చినట్టే అనిరి. నేను గూడ గట్లనే..."

"అందరికి అక్కనా ఆమె?"

"కాదు."

"మరి?"

"గప్పటిసంది మనసుల మనసు లేదు," అన్నాడు. "నీ దగ్గరికన్న పోదమని..."

"ఆమెకు రావల్సిన రాకడ నాకెందుకు తెస్తవ్?"

నడిచాను. అతను దండ తీసుకొని నా వెనకే వచ్చాడు. రావద్దని అనలేదు. రమ్మనీ అనలేదు.

మనీష్ ఆఫీసు బస్టాండ్ దగ్గర, వాళ్ల దుకాణం మీద మేడలో ఉంది. గోడకు ఊదా రంగు కొత్తగా కొట్టారు. ఇంకా వాసన పోలేదు. పాత బోర్డు మెట్ల కింద పడి ఉంది. మనీష్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"కాకా, నువ్వు..."

"బతికే ఉన్న. నీ ఫోన్ ఒప్పుకుంటలేదు."

అతను కంప్యూటర్‌లో ఏదో చూశాడు. తల పట్టుకున్నాడు. పాత వార్తల్లో ఎక్కువ బాణాలు పడ్డవాటిని కొత్త మిషన్ తీసి మళ్లీ పెట్టిందట. తారీఖు మారిపోయిందట. ఫోటోలో ముఖం ఎక్కడుందో అదే చూసి చదరంగా కత్తిరిస్తుందట. రాత పొడుగైతే మధ్యలో ఆపి చుక్కలు పెడుతుందట; 'భార్య సత్యమ్మ' అన్న మాటలు ఆ చుక్కల్లో పోయాయి.

"రెండు ముఖాలున్నయ్ గదా," అన్నాను.

"పెద్దగ ఉన్నది తీసుకుంటది కాకా."

"పేరెందుకు మార్చినవ్? బాగనే నడుస్తుండె."

"ఏం బాగ? తెరిస్తే పైకెల్లి కింది దాక చావులే. మనోళ్లు వేరే దేనికన్న బాణం ఒత్తుతరా? ప్రకటన ఇస్త అని పెండ్లి చీరెల షాపాయన వచ్చిండు. చూసిండు. నా చీరెను పాడె పక్కన పెడతవా అని లేచి పోయిండు. పరేషాన్ అయి హైదరాబాదోళ్లకు అమ్మిన. వాళ్లే పేరు పెట్టిన్రు."

"జూపో అంటే ఏంది?"

"నాగ్గూడ తెల్వదు. అడిగితే, అర్థం లేకపోవుడే మంచిది అన్నరు."

బాల్‌రాజ్ తలుపు దగ్గర దండతో నిలబడి వింటున్నాడు. మనీష్ అతని వైపు, దండ వైపు చూశాడు.

"దాచినవి ఎటు పోయినయ్?" అన్నాను.

"అవి తీసేసిన్రు కాకా. ఎవ్వరు తెరువరు. దాసుకునుడుతోనే అయిపాయె, మల్ల మొకం చూడరు. లెక్కల చూసినం. ఒక్క ఫోన్ మాత్రం రోజు పొద్దుగాల తెరుస్తుండె. ఒక్కటి సదివి బంద్ చేస్తుండె. కంప్యూటర్ తప్పు కావచ్చు అనుకున్నం."

సత్యమ్మ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

మనీష్ దాన్ని చూశాడు. ఖాతా పేరు చూశాడు.

"జర కూసో కాకా," అన్నాడు. "నా చేతిల ఒక్క పనే మిగిలింది. ఖాతా మూసుడు. ఇప్పుడే మూస్తే గంటల నీ చావు పోతది. నువ్వు బతికినట్టే. కాని ఖాతా పోతే దాచినవి గూడ పోతయ్. మల్ల ఎవ్వడు తేలేడు."

"మూయకపోతే?"

"పాత సామానంత హైదరాబాద్ల వాళ్ల కంప్యూటర్ల పడున్నది. ఖాతా ఉంటే అడిగి తెప్పించొచ్చు. ఇస్తరో ఇయ్యరో, ఎప్పుడిస్తరో చెప్పలేను. గప్పటిదాంక గీ చావు పైననే ఉంటది."

"చావొక్కటి తీయరాదా?"

"అది వాళ్ల చేతిల ఉన్నది. వాళ్లు తియ్యరు. మస్తు బాణాలు పడుతున్నయ్ గదా."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. అక్కడ చచ్చినవాడు చచ్చాడు, ఉన్నవాడు ఉన్నాడు. ఇక్కడ నేను ఉండాలంటే ఆమె పోవాలట. ఆమెవి ఉండాలంటే నేను పోయి ఉండాలట. ఫోటోలో కూడా అలాగే చేశారు. ఒక్క చదరంలో ఇద్దరికి చోటు లేదు.

"మూయమంటే మూస్త కాకా," అన్నాడు మనీష్. చెయ్యి బొత్తాం దగ్గర పెట్టుకొని చూస్తున్నాడు.

"బావా, మూయించు," అన్నాడు తలుపు దగ్గర్నుంచి బాల్‌రాజ్. "బతికున్న మనిషికి గిదేం కర్మ. జనం..."

"జనం ఒచ్చిన్రా?"

"ఆఁ?"

"పొద్దుటిసంది నా ఇంటికి జంగప్ప ఒక్కడు ఒచ్చిండు. నేను ఉంటే ఎవరికి, పోతే ఎవరికి?" మనీష్ వైపు తిరిగాను. "ఉండనీ. మూయకు."

"కాకా, మల్ల ఆలోచన చెయ్. వ్యాపారం..."

"హైదరాబాదోళ్లకు రాయి. నా ముందట రాయి."

రాశాడు. ఇంగ్లీషులో రాశాడు. ఏం రాశాడో చదివి చెప్పించుకున్నాను. 'ఖాతాదారు రోజూ చదువుతారు' అని ఉందన్నాడు. ఖాతాదారు ఎవరో రాయలేదు. నేనూ రాయమనలేదు.

సాయంత్రం బండికి తిరిగి బయలుదేరాను. బాల్‌రాజ్ కూడా ఎక్కాడు. ఎదుటి సీట్లో కూర్చున్నాడు. దండ ఒళ్లో పెట్టుకున్నాడు. బండి ధారూర్ దాటింది.

"అక్క ఏం దాసింది బావా?" అన్నాడు.

"నీకెందుకు?"

"ఊకెనే."

కిటికీలోంచి కంది చేలు చూశాను. చెప్పకూడదనుకున్నాను.

"నిన్న సదివింది, చెప్పుల తోలు ఎండకుండ నూనె ఎట్ల రాయాలె అని," అన్నాను. "ఆమెకు తోలు చెప్పులే లేవు."

"నాకుండె," అన్నాడు బాల్‌రాజ్ మెల్లగా.

ఎవరి కోసం దాచిందో నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఆమె దేన్నైనా దాచేది.

తాండూరులో దిగేసరికి జంగప్ప స్టేషన్ బయట ఉన్నాడు.

"ఏమైందన్నా? తీసేసిన్రా?"

"లేదు."

"మరి ఏం చెప్పాలె అందరికి?"

"అడిగినోళ్లకు చెప్పు. అడగనోళ్లకు ఎందుకు?"

జంగప్ప బాల్‌రాజ్‌ను చూశాడు. గుర్తుపట్టాడు. "చాయ్ తెస్త," అని ముందుకు పోయాడు.

ఇంటి తాళం తీశాను. ముందు గదిలో గోడకు సత్యమ్మ ఫోటో ఉంది. ఆమెది విడిగా తీసిన ఫోటో ఏదీ లేదు. అనంతగిరిదే, ఇద్దరం ఉన్నదే పెద్దది చేయించి పెట్టాను. నేను లోపలికి పోయి కూర్చున్నాను. ఆమె ఫోన్ తెరిచాను. పాట వచ్చింది. నా ముఖం వచ్చింది. 'దాచినవి' ఇంకా రాలేదు.

బాల్‌రాజ్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కవర్లోంచి దండ తీశాడు. గోడ మీద ఫోటోలో మా ఇద్దరినీ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

ఎవరికి వేయాలో నేను చెప్పలేదు.