ముప్పై ఒకటో నంబరు సంచి

ముత్యాలు దగ్గర్నుంచి కుట్టుమిషన్‌ను లాక్కొని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు నేను మా ఇంటి మెట్ల మీదే ఉన్నాను. చిక్కడపల్లిలో మా సందు ఇరుకు. బండి తిప్పడానికి చోటు లేక డ్రైవర్ ముందుకూ వెనక్కీ లాగుతున్నాడు. ముత్యాలు మిషన్ ఇనుప చట్రం పట్టుకొని వదలడం లేదు.

"నెలంత కుట్టిన సార్," అన్నది నన్ను చూసి. "ఇరవై సంచులు ఇచ్చిన. తిరిగి నేనే బాకీ ఉన్ననట. ఎట్లయితది?"

ఉమాకాంత్ ఆటో పక్కన ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో అతని గది. మా చుట్టుపక్కల ఆడవాళ్ళు కుట్టే గుడ్డ సంచులను తన ఖాతా మీద ఇంటర్నెట్‌లో అమ్ముతాడు.

"నన్నడిగితే ఏం ఫాయిదా అక్కా? ఏడు అమ్ముడుపోయినయి, పదమూడు రిటర్న్ వచ్చినయి. రిటర్న్ వస్తే రానుపోను ఛార్జి సైటోళ్ళు కోస్తరు. కంప్యూటర్ల నీ పేరు మీద మైనస్ పద్దెనిమిది వందల ముప్పై చూపిస్తున్నది. పైసలు కట్టు, మిషన్ దింపిస్త. లేదంటె పోయి కంప్యూటర్‌తోని కొట్లాడు."

డ్రైవర్ నవ్వాడు. సందులో పదిమంది చూస్తున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. నారాయణగూడ స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఎనిమిదో తరగతికి శాతాలు, లాభనష్టాలు చెప్పే నేను కూడా తెరవలేదు. ఆ సంగతి ముందే రాయాలి.

అది 2013 ఆగస్టు. జూన్‌లో జ్వరంతో నా భార్య మనోరమ పోయింది. సందులో ఈ సంచుల పని మొదలుపెట్టింది ఆమే. మిగతావాళ్ళకు నేర్పిందీ ఆమే. ఎవరు కుట్టిన సంచికి లోపలి అస్తరు మీద వాళ్ళ రంగు దారంతో వరుస నంబరు వేసుకోవాలన్నది ఆమె పెట్టిన పద్ధతి. మనోరమది ఎరుపు, ముత్యాలుది ఆకుపచ్చ, కింది వాటాలో ఉండే సుబ్బులుగారిది పసుపు.

ఆ సాయంత్రం మనోరమ పెట్టె తెరిచాను. ఉమాకాంత్ ఇచ్చిన చీటీలు తొమ్మిది ఉన్నాయి. "నం. 31. రిటర్న్. డ్యామేజ్, పారవేశాం. కటింగ్ 200." అన్నీ ఇట్లాంటివే. ఒకదాని వెనక ఆమె పెన్సిల్‌తో లెక్క వేసింది. నాలుగు వందల్లో, సైటు కమీషన్ అని అతను చెప్పిన నలభై శాతం. వేసి, కొట్టేసి, మళ్ళీ వేసింది. ఆ సమయంలో నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండి ఉంటాను. నన్ను అడగలేదు. ఎప్పుడో ఒకసారి అడిగితే, "ఇంత చిన్న లెక్క రాదా?" అన్నాను. తర్వాత అడగడం మానేసింది.

వారం తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గర ఒక అమ్మాయి తన సంచిలోంచి పుస్తకం తీసింది. మూత వెనక్కి పడింది. అస్తరు మీద ఎర్ర దారంతో 31 ఉంది.

నేను చాలాసేపు చూసి ఉంటాను. ఆమె సంచి దగ్గరికి లాక్కుంది.

"ఏంటండీ?"

"ఈ సంచి ఎక్కడిదమ్మా?"

"నెట్‌లో కొన్నానండీ. మార్చిలో. ఏం?"

"తిరిగి పంపలేదా?"

"ఎందుకు పంపుతాను? నాలుగు వందలు పెట్టి కొన్నాను. రోజూ ఇదే వేసుకొస్తున్నాను."

ఆమె పేరు నిహారిక. ఒంగోలు నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. వారంగా జేబులో ఉంచుకున్న 31వ నంబరు చీటీ చూపించి, ఉమాకాంత్ సంగతి చెప్పాను. రెండుసార్లు చదివింది. "మా కోచింగ్ సెంటర్ పైనున్న వాడేనా?" అని అడిగి, పుస్తకాలు సర్దుకొని లేచింది. "రండి సార్, నెట్ సెంటర్‌కి. ఆ సైట్‌లో అమ్మేవాళ్ళ దగ్గర ఏం కోస్తారో వాళ్ళే పెట్టి ఉంటారు."

పెట్టారు. నాలుగు పేజీలు. ఎవరైనా చూడవచ్చు. ప్రింటు తీయించుకున్నాను.

ఆదివారం పొద్దున మా మేడ మీద సంచులు కుట్టేవాళ్ళు పద్దెనిమిది మంది కూర్చున్నారు. నీళ్ళ ట్యాంకు గోడ మీద సుద్దముక్కతో రాశాను. సంచి ధర నాలుగు వందలు. సైటు కమీషన్ నూటికి పన్నెండు, అంటే నలభై ఎనిమిది. కొన్నవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేసి పెట్టినందుకు నూటికి మూడు, అంటే పన్నెండు. కొరియర్ యాభై. వీటన్నిటి మీద పన్ను పద్నాలుగు.

"మొత్తం?" అన్నాను.

"నూట ఇరవై నాలుగు," అన్నారు సుబ్బులుగారు. పెద్దావిడ. గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది.

"మిగిలేది?"

"రెండు వందల డెబ్బై ఆరు."

"మీకిచ్చింది?"

వెనక నుంచి ముత్యాలు అన్నది. "నూట పది."

"నూట అరవై ఆరు ఎటు పోయింది?"

"ఏంటీ? అంటే కోసేది సైటు కాదా, వీడా?" అన్నారు సుబ్బులుగారు.

"సైటు కూడా ధర్మానికి లేదు. ఇవ్వాళ పన్నెండు అన్నది రేపు పద్దెనిమిది అంటుంది. దానితోనూ ఒకరోజు తేల్చుకోవాలి. కానీ అది తీసుకునేది రాసి పెట్టింది. ఇతను దాచాడు. పైగా అమ్ముడుపోయిన సంచిని రిటర్న్ అన్నాడు."

నిహారిక ముప్పై ఒకటో సంచి తీసి చూపించింది. అది చేతులు మారుతూ పోయింది. ప్రతి ఒక్కరూ ఎర్ర దారం మీద వేలు పెట్టి చూశారు.

"అన్నీ మంచిగనే ఉన్నయి సార్," అన్నది ఒకామె. "ఆయన్ని ఇడిసిపెడితే మనకెవరు అమ్ముతరు? మనకు అమ్మకం పన్నోళ్ళిచ్చే టిన్ నంబరున్నదా, పాన్ కార్డున్నదా? నాకు బ్యాంక్ ఖాతానే లేదు."

"నిన్న నా దగ్గరికొచ్చి ఏం చెప్పిండో ఎరుకేనా?" అన్నది ముత్యాలు. "'ఆ కింది వాటా ఆంధ్రామె మాట ఇనకు అక్కా, మనం మనం ఒకటి' అన్నడు."

సుబ్బులుగారు నవ్వారు. "నాతో ఏమన్నాడో తెలుసా? 'రేపు రాష్ట్రం విడిపోతే మీకు దిక్కెవరు పిన్నిగారూ, నాతో ఉండండి' అన్నాడు. నాకు పద్నాలుగు వందలు కోసినప్పుడు మాత్రం మీది ఏ జిల్లా అని అడగలేదు."

మేడంతా నవ్వు. నవ్వు ఆగాక ముత్యాలు లేచి గోడ దగ్గరికి వచ్చింది.

"సార్, గా కాగితాలల్ల ఇంకేమున్నది? మొత్తం చదువు."

చదివాను. చివరి పేజీలో ఉంది. ఆర్డరు ఒప్పుకొని గడువులోగా సరుకు కొరియర్‌కు అప్పగించకపోతే అమ్మేవారికి జరిమానా. ఎక్కువ ఆర్డర్లు అట్లా ఆగిపోతే ఖాతా మూత.

"అమ్మేవారంటె ఎవరు?"

"ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు."

మిషన్ పోయిన తర్వాత ముత్యాలు ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు. "అంటె జరిమానా ఆయనకే. మన పేర్లు యాడ లేవు గద సార్!"

దసరాకు వారం ముందు సైట్‌లో పండగ అమ్మకాలు పెట్టారు. ఉమాకాంత్‌కు తొంభై ఆర్డర్లు వచ్చాయి. గడువు చివరి రోజు మధ్యాహ్నం రెండింటికి పద్దెనిమిది మందీ అశోక్‌నగర్ మెట్లెక్కారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. కొరియర్ కోసం కట్టి ఉంచిన సంచుల మూటల మీద అందరూ కూర్చున్నారు. మూలన, ప్యాకింగ్ అట్టపెట్టెల కింద, ముత్యాలు మిషన్ ఉంది.

"ఏందిది? లేవుండ్రి!" అన్నాడు ఉమాకాంత్.

"మిషన్ ఇయ్యి," అన్నది ముత్యాలు. "దొంగ రిటర్న్‌లకు కోసిన పైసలియ్యి. నెలనెల సైట్ల ఏమున్నదో మా ముందట తెరిచి చూపియ్యి. లేస్తం."

"నా ఖాతా, నా గది, నా మాల్. మీరెవరే నన్ను అడగనీకి?"

"నోరు జాగ్రత్త," అన్నారు సుబ్బులుగారు, మూట మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంటూ.

అతను నా వైపు తిరిగాడు. "సార్, సదువుకున్నోళ్ళు, మీరన్న చెప్పండి. భార్య పోయిన బాధల ఉన్నరని ఇన్ని రోజులు ఊకున్న. ఆమె కూడ నాకు మైనస్‌లనే ఉండె. పోయినామె అని వదిలేసిన."

నేను జేబులోంచి ముప్పై ఒకటో నంబరు చీటీ తీసి చదివాను. పాఠం చదివినట్టే చదివాను. తర్వాత మెట్ల దగ్గర నిలబడిన నిహారిక ముప్పై ఒకటో సంచిని తల మీదికి ఎత్తింది. ఆమె వెనక మెట్ల నిండా కోచింగ్ పిల్లలు. ఏమైందని కింద వాళ్ళు పై వాళ్ళను అడుగుతున్నారు. జవాబు ఒక్కో మెట్టూ దిగి రోడ్డు దాకా పోతోంది.

నాలుగింటికి కొరియర్ మనిషి వాళ్ళ మధ్య నుంచి తోసుకొని వచ్చాడు.

"అన్నా, మాల్ ఇస్తవా, పోవాల్నా?"

"అయిదు నిమిషాలాగు!"

"సెల్లర్ ఎవరన్నా? మాల్ రాలేదని రాసుకొని పోత."

ఆడవాళ్ళంతా ఒకేసారి ఉమాకాంత్‌ను చూపించారు. "ఈయననే! ఈయన పేరే రాసుకో!"

కొరియర్ మనిషి రాసుకొని వెళ్ళిపోయాడు. ఉమాకాంత్ పోలీసులకు ఫోన్ చేశాడు.

ఎస్సై వచ్చి గది చుట్టూ చూశాడు. "సరుకు ఎవరిదమ్మా?"

"నాది సార్, ఖాతా నా పేరు మీదున్నది," అన్నాడు ఉమాకాంత్.

ముత్యాలు తన కింది మూట విప్పి, సుబ్బులుగారి మిషన్ మీద కుట్టిన ఒక సంచి తీసి అస్తరు చూపించింది. ఆకుపచ్చ దారం. "ఖాతా ఆయన పేరు మీదున్నది సార్. సంచి మా పేరు మీదున్నది."

ఎస్సై ఆ దారాన్ని చూశాడు. ముత్యాలును, సుబ్బులుగారిని, నన్ను జీపు ఎక్కమన్నాడు.

మేము స్టేషన్ చేరిన పావుగంటకు మిగతా పదహారు మంది నడిచి వచ్చారు. వాళ్ళ మధ్య నలుగురు విద్యార్థుల చేతుల మీద కుట్టుమిషన్ ఉంది. వరండాలో దింపారు.

"ఇదేంది? ఇదీ కేసులనేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"మిషన్ గుంజుకపోయిండని నా కేసు. ముందు అది రాయి," అన్నది ముత్యాలు.

"ముగ్గురి పేర్లే రాయమన్నరు సార్," అన్నాడు కానిస్టేబుల్ నాతో.

"అందరిది రాయాలె. ఇన్నేండ్లు మా పేర్లు ఎవ్వడు రాయలే."

పేర్లు మొదలయ్యాయి. ఇంటిపేరు, వయసు, వీధి. ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వచ్చి, కానిస్టేబుల్ సరిగ్గా రాశాడో లేదో వంగి చూసి పక్కకు తప్పుకున్నారు. నిహారిక కూడా వచ్చి చెప్పి, సంచి నా చేతికిచ్చింది. నా వంతు వచ్చింది. ఇంద్రసేన, టీచరు అని చెప్పాను. చెప్పి కదలలేదు.

"ఇంకెవరన్న ఉన్నరా సార్?"

"మనోరమ," అన్నాను. ముప్పై ఒకటో సంచి బల్ల మీద పెట్టాను. "నా భార్య. ఈ సంచి కుట్టింది."

"ఏరి?"

"లేదు. జూన్‌లో పోయింది."

కానిస్టేబుల్ పెన్ను ఆపాడు. "పోయినోళ్ళ పేరు రాయరాదు సార్." ఆ మాట మెల్లగానే అన్నాడు.

ముత్యాలు నా పక్కకు వచ్చి నిలబడింది. "అట్లయితే బతికున్నోళ్ళందరిది రాయి. గేటు దిక్కు చూడు."

చూశాము. గేటు బయట విద్యానగర్, గాంధీనగర్ ఆడవాళ్ళు పాతిక మంది దాకా నిలబడి ఉన్నారు. ఉమాకాంత్‌కు కుట్టేవాళ్ళే. ఎవరు కబురు పెట్టారో తెలియదు. అందరి చేతుల్లో చీటీలున్నాయి.

కానిస్టేబుల్ పేజీ తిప్పాడు.