పన్నెండో నంబరు పానా

బసవరాజ్ కారు వస్తోందంటే మలుపు తిరక్కముందే ఊరంతటికీ తెలిసిపోయేది. ఆలూరు నుంచి ఆదోని పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది ఆ ఊరు. కారు ఇరవయ్యేళ్ల నాటిది, ముగ్గురి చేతులు మారి అతని దగ్గరికి వచ్చింది. దాని చప్పుడుతో బసవరాజ్‌కు పేచీ లేదు. పేచీ అంతా పొగతోనే.

ఇంజను నుంచి పొగను సైలెన్సరుకు అందించే పోత ఇనుప గొట్టం ఒకటుంటుంది. మెకానిక్కులు దాన్ని మానిఫోల్డు అంటారు. అది పగిలింది. పగులులోంచి వచ్చే పొగ బయటికి పోయే దారి వదిలేసి కారు లోపలికే వచ్చేది. వెనక సీట్లో అతని తల్లి ఈరక్క కూర్చునేది. సోమవారం, గురువారం ఆమెకు ఆదోనిలో డయాలసిస్. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేదే గానీ, ఇదేం వాసనరా అని ఆమె ఒక్కనాడూ అనలేదు. ఒక మాట తిట్టినా బసవరాజ్‌కు తేలిగ్గా ఉండేది. అద్దంలో ఆ కొంగు కనబడినప్పుడల్లా కొడుకునని చెప్పుకోవడానికే సిగ్గేసేది అతనికి.

ఊళ్లో ఉన్న ఒకే ఒక మెకానిక్కు వీరభద్ర. పోత ఇనుముకు వెల్డింగ్ నిలవదన్నాడు, ఈ మోడల్‌కు కొత్త మానిఫోల్డు ఇప్పుడు దొరకదన్నాడు, దసరా పోనీ చూద్దామన్నాడు. అంతవరకు ఓపిక పట్టి ఉంటే ఈ కథ లేదు. బసవరాజ్ ఫోన్లో వీడియోలు చూశాడు. ఎవరో కుర్రాడు పాటలు పెట్టుకుని, పాత మానిఫోల్డు తీసేసి హెడ్డర్ అనే కొత్త గొట్టాల సెట్టును పదిహేను నిమిషాల్లో బిగించేస్తున్నాడు. ఆ పదిహేను నిమిషాల వెనక ఎన్ని గంటలు కత్తిరించి పారేశారో ఫోన్ చెప్పదు కదా. బసవరాజ్ బెంగళూరు నుంచి హెడ్డర్ తెప్పించాడు. తెల్లగా మెరిసే నాలుగు గొట్టాలు వంపులు తిరిగి ఒక్కటిగా కలిశాయి. ఈరక్క దాన్ని చేత్తో తడిమి, ఆవు పొదుగును తిరగేసినట్టుందని నవ్వింది.

ఆయుధపూజకు ముందు రోజు, మంగళవారం సాయంత్రం, అతను పనికి దిగాడు. ఎనిమిది నట్లకూ రెండు రోజులుగా డీజిల్ పోసి నానబెట్టాడు కాబట్టి అవి మొరాయించకుండా వచ్చాయి. అంత సులభంగా వచ్చేసరికి అతనికి తన మీద తనకే గౌరవం పెరిగింది. మానిఫోల్డును రెండు చేతులా పట్టి లాగాడు. పగులు దగ్గర అది రెండు ముక్కలై, ఒకటి చేతిలోకి, ఒకటి కాలి పక్కకి వచ్చింది. ఇక వెనక్కి పోయే దారి లేదు. అప్పటికి బసవరాజ్ దాన్ని అపశకునం అనుకోలేదు, పాతదాని పీడ విరగడయిందనుకున్నాడు.

చిక్కు బుధవారం పొద్దున మొదలైంది. హెడ్డరుతో పాటు వచ్చిన గ్యాస్కెట్ చినిగి ఉంది. ఇంజనుకూ గొట్టాలకూ మధ్య అది లేకపోతే సందుల్లోంచి పొగ తన్నుకొస్తుంది. పూజ చేసి అంగళ్లు మూసేయక ముందే తెచ్చుకోవాలని అతను బైకు మీద ఆలూరు పరిగెత్తాడు. అంగడి ముందు గుమ్మడికాయ పగలగొట్టబోతున్న ఆసామి చేయి ఆపించి మరీ గ్యాస్కెట్ పట్టుకొచ్చాడు. పదకొండింటికి ఇల్లు చేరి గ్యాస్కెట్ పెట్టాడు, హెడ్డర్ ఎక్కించాడు, ఎనిమిది నట్లూ వేళ్లతో తిప్పి నిలిపాడు. ఇక బిగించడమే తరువాయి. కారు కిందికి చేయి చాపితే పానాలు లేవు.

పానాలు దేవుడి గూటి ముందు ఉన్నాయి. ఈరక్క వాటిని చింతపండు పెట్టి తోమింది, గుడ్డతో తుడిచింది, కొత్త తువ్వాలు మీద చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చింది. ఒక్కొక్కదానికి మూడు విభూతి గీతలు, నడుమ కుంకుమ బొట్టు. పక్కనే కొడవలి, గడ్డపార, కోడలు భువన కుట్టుపని కత్తెర. దీపం వెలుగుతోంది, హారతి కూడా అయిపోయింది. కారు కింద మట్టిలో పడి ఉన్న ఒకదాన్ని వంగలేక వంగి వెతికి తెచ్చానని ఈరక్క సంబరంగా చెప్పింది. అది పన్నెండో నంబరు పానా. అతనికి కావలసింది అదే.

ఆయుధపూజ చేయడం అందరికీ ఉన్నదే. పూజయిన గంటకు సామాను తీసుకుని పనిలో పడే ఇళ్లూ ఉన్నాయి. ఈరక్క ఇంట్లో మాత్రం పూజలో పెట్టినది మరునాడు జమ్మికి పోయి వచ్చేదాకా కదలకూడదు. దానికి కారణం ఉంది. బసవరాజ్ పదేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు, ఇలాంటి రోజే ఎవరిదో బోరు మోటారు లోపలికి జారిపోయిందని, అతని తండ్రి లక్ష్మన్న పూజలోని గడ్డపార తీసుకుని పోయాడు. మోటారును పైకి లాగే గొలుసులో పడి చెయ్యి నలిగింది. ఆ చెయ్యి మళ్లీ ముద్ద కలుపుకోలేదు. మోటారు ఏ రోజు జారినా జారేదే, గొలుసుకు పండగలు తెలియవు. కానీ ఆ మాట ఇరవై ఏళ్లు మొగుడికి అన్నం కలిపి పెట్టిన మనిషితో ఎవరంటారు?

బసవరాజ్ గడప దగ్గరే నిలబడి, ఒక్క పానా ఇమ్మని అడిగాడు.

"పూజకు పెట్టినాక కదిలీగూడదప్పా," అంది ఈరక్క. "రేపు జమ్మికి పోయొచ్చినాక ఎత్తుకుందువులే."

"రేపు పొద్దున తొమ్మిదికి నీ వంతుండాది కదమ్మా ఆదోనిలో."

"ఒక తూరి పోకుంటే ఏమైతాది? నీ చేతులు బాగుంటే చాలు నాకు."

ఒక తూరి పోకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. పోయిన ఉగాదికి ఒక్క గురువారం తప్పింది. శనివారానికి ఆమె కాళ్లు వాచి చర్మం బిగిసిపోయింది. పడుకుంటే ఊపిరాడక, మంచం పట్టె పట్టుకుని కూర్చునే రెండు రాత్రులు గడిపింది. డయాలసిస్ దగ్గర ఉండే నర్సు మధులత అతన్ని పక్కకు పిలిచి, ఇంకోసారి ఇలా చేస్తే మీరు తీసుకొచ్చినా మేం చేసేదేమీ ఉండదని మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పింది కాబట్టే అతనికి భయమేసింది.

ఆలూరు అంగళ్లు ఈపాటికి మూసేసి ఉంటాయి, అందుకని ఊరు మీద పడ్డాడు. వీరభద్ర షెడ్డు మూసి ఉంది, రేకు తలుపుకు అరటి పిలకలు కట్టి ఉన్నాయి. అతను మొక్కు ఉందని దేవరగట్టు దసరా జాతరకు పోయాడట, శుక్రవారం గానీ రాడట. ట్రాక్టరున్న మారెన్న ఇంటికి పోతే పానాల పెట్టె మొత్తం పటం ముందే ఉంది. మీ అమ్మ మాదిరే మేమూ పెట్టుకున్నాం కదప్పా అని మారెన్న భార్య నొచ్చుకుంది. టైలరు ఖాజా అయినా ఆదుకుంటాడేమోనని పోతే, అతని మిషనుకు కూడా బంతిపూల దండ వేలాడుతోంది. ఖాజా పాపం చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఇచ్చాడు. దాంతో కళ్లజోడు బిగించుకోవచ్చు.

పోనీ కారు మాట వదిలేసి వేరే బండి చూద్దామనుకున్నాడు. ఊళ్లో రెండు ఆటోలూ జనాన్ని ఎక్కించుకుని గట్టు దారి పట్టాయి. ఆలూరు టాక్సీల వాళ్లకు ఫోన్ చేస్తే మూడు రోజులూ గట్టు బాడుగలే అన్నారు. బస్సుల్లో మనుషులు మెట్ల మీద వేలాడుతున్నారు. ఒకసారి బస్సులోనే తీసుకొస్తే ఈరక్క దిగుతూ దిగుతూ మెట్టు మీదే కూలబడింది. ఇక బైకు వెనక కూర్చుని పట్టుకునే సత్తువ ఆమె చేతుల్లో లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బసవరాజ్ ఇంటికి వచ్చి, కారు బానెట్ కింద వేలాడుతున్న ఆ మెరిసే గొట్టాలను చూస్తూ కూర్చున్నాడు. ఆకలి కూడా వేయలేదు.

మధ్యాహ్నం ఈరక్క నిద్రపోయింది. అతను చెప్పులు విడిచి గూటి ముందుకు పోయాడు. భువన చూసింది. పొయ్యి వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. బసవరాజ్ దండం పెట్టుకుని పన్నెండో నంబరు పానా తీశాడు. వరసలో సందు కనబడకూడదని మిగిలినవాటిని తలా కొంచెం జరిపాడు. ఒక్కటి కూడా కదలకూడదన్న చోట అన్నీ కదిలాయి.

ఏడు నట్లు బాగానే బిగిశాయి. ఎనిమిదోది అన్నిటికన్నా కింద, వెనక మూలన, గొట్టం వంపు చాటున ఉంది. పానా అక్కడ పావు చుట్టు కూడా తిరగదు. నట్టు పైపైన పట్టుకుని ఇక తిరగనంది. డీజిల్ పోసి ఒక గంట ఆగాలని అతనికి తెలుసు. అమ్మ లేచేలోపు పానా గూటికి చేరాలి. ఆత్రగాడికి బుద్ధి మట్టు. పానా కొసకు ఇనుప పైపు తొడిగి, బలమంతా పెట్టి లాగాడు.

టిక్కుమంది. పెద్ద చప్పుడు కూడా కాదు. పానా ఒక్కసారిగా తేలికైపోయింది. నట్టుతో పాటు, అది ఎక్కే మరల కడ్డీ, స్టడ్డు, సగం విరిగి చేతిలోకి వచ్చింది, మిగతా సగం ఇంజను లోపలే ఉండిపోయింది, పట్టుకుని లాగడానికి గోరంత కొస కూడా లేకుండా. దాన్ని తీయాలంటే తొలిచి తీయాలి. తొలిచే మిషను ఆలూరులో ఉంది, దానికీ ఈ రోజు కుంకుమ బొట్టే.

బసవరాజ్ కారు కింద అలాగే వెల్లకిలా పడుకున్నాడు. తప్పు పైపుదని, తన తొందరదని అతనికి తెలుసు. తెలిసినా తండ్రి నలిగిన చెయ్యే కళ్ల ముందుకు వచ్చింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే చప్పుడవుతుందని పెదవి కొరుక్కున్నాడు.

భువన వచ్చి వంగి చూసింది. విరిగిన ముక్క చూపించాడు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది భువన. అని, వెంటనే అన్నందుకు బాధపడి, బెల్లం సున్నం కలిపి తెచ్చింది. కారిపోయే తొట్లకు పెద్దవాళ్లు అదే పూసేవారు. ఇద్దరూ కలిసి ఆ మూల దట్టంగా మెత్తారు. ఆరాక ఇంజను స్టార్ట్ చేస్తే, అయిదు నిమిషాలకు పెంకులు పెంకులుగా రాలిపోయింది. ఆ మూల నుంచి పొగ బుస్సుమని కొడుతోంది. పాత పగులు ఇంత వెడల్పు ఎన్నడూ లేదు.

ఆ చప్పుడుకు ఈరక్క లేచి వచ్చింది. అప్పటికి పానా కడిగి, విభూతి పూసి, బొట్టు పెట్టి గూటి ముందు పెట్టేశాడు అతను.

"పానా లేకుండా యెట్ల బిగిచ్చినావప్పా?" అని అడిగింది.

"చేత్తోనే బిగిచ్చినామ్మా."

ఈరక్క అతని చేతుల వైపు చూసింది. "మీ నాయిన చేతి బలం వచ్చిండాది నీకు," అంది. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. నమ్మిందనుకుని బసవరాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే, నమ్మించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

దసరా రోజు పొద్దున ఏడింటికి కారు నాలుగు అద్దాలూ దించాడు. పొగ వచ్చే వైపు తడి గోనెసంచి కుక్కాడు. పొగ వస్తుందని తెలిసీ తల్లిని అందులో కూర్చోబెట్టడం తప్పు, కూర్చోబెట్టకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. రెండు తప్పుల్లో దేన్ని మోయగలడో అది ఎంచుకున్నాడు, అంతే.

ఈరక్క స్నానం చేసి గూట్లో దీపం పెట్టింది. పానాల వరస ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత భువన చేయి పట్టుకుని మెల్లగా వచ్చింది. కారు ఎక్కబోతూ ఆగి కొడుకు కుడి చేయి తీసుకుంది. కొంగు కొసను సీసా నీళ్లతో తడిపి, అతని బొటనవేలు గోరు సందులో గ్రీజుతో కలిసి నల్లబడ్డ కుంకుమను తుడిచింది. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ముడిచి చూసింది. అయిదూ బాగానే కదిలాయి. చేయి వదిలేసి సీట్లో కూర్చుంది.

రోడ్డెక్కాక ఇంజను వేడెక్కింది, పొగ మొదలైంది. తడి గోనె కాసేపు ఆపి, తర్వాత తానే పొగచూరిన వాసన కొట్టసాగింది. బసవరాజ్ కళ్లు మండాయి. తల బయట పెట్టి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి తెచ్చుకున్నాడు. ఆదోని ఇంకా ఇరవై కిలోమీటర్లు. ఆగితే వంతు పోతుంది, పోతే పొగ. అద్దంలోకి చూడాలంటే భయమేసింది, అయినా చూశాడు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, ఆపమంటావా?" అన్నాడు.

"యాడా ఆపొద్దు, పో నాయనా. కొత్త గొట్టం పెట్టినాక వాసన శానా తగ్గిండాది," అంది ఈరక్క, ముక్కు మీద కొంగు తియ్యకుండానే.