ఉల్లంకిపిట్టల దగ్గర చెప్పిన మాట

చలికాలమైనా ఆ సముద్రపు ఊళ్లో స్వెట్టర్‌తో పనిపడలేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆమె దాన్ని చంకన పెట్టుకుని బస్సు దిగింది. హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు, అప్పట్లో అందరూ నిచ్చెన అని పిలిచిన లెక్కల టీచరు, ఎదురొచ్చి సంచి లాక్కుంది.

"ఏమే బుడ్డీ, సగమైపోయావేంటి?"

"ప్రయాణం," అంది ఆమె.

అసలు సంగతి అది కాదు. రెండు నెలల క్రితం ఆమె భర్త పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. అన్నకు చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. నిచ్చెన ఈ మధ్య ఫోన్ ఎత్తడమే మానేసింది, అన్నిటికీ మెసేజ్‌లే. ఇలాంటి మాట మెసేజ్‌లో రాయడానికి వేళ్లు రాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పి, కరువుతీరా ఏడవాలని వచ్చింది. కానీ ఆ సాయంత్రమంతా నిచ్చెనే గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. సందు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఉప్పునీటి మడుగు గట్టుకు వెళ్లారు. నీరు తీసిన బురదలో వందలకొద్దీ ఉల్లంకిపిట్టలు ముక్కులు దించి పరుగులు పెడుతున్నాయి. నిచ్చెన బైనాక్యులర్ కళ్లకు ఆనించి బిగుసుకుపోయింది. మొహం మొహం చూసుకోనక్కర్లేదు, ఇదే మేలనిపించింది ఆమెకు. పెట్టె సంగతి, బల్ల మీద వదిలేసిన తాళంచెవి సంగతి, తనింకా మంచానికి ఓ పక్కకే ఒదిగి పడుకుంటున్న సంగతి, అన్నీ చెప్పేసింది.

"ఆ చివరిది చూడవే! కుంటుతూ కూడా ఎంత హుషారుగా తింటోందో!" అంది నిచ్చెన.

ఆమెకు ఒళ్లు మండింది. "నేనింత చెబుతుంటే..."

వెనక రోడ్డు మీద లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. నిచ్చెన మాత్రం ఉలిక్కిపడలేదు. అవెందుకు లేచాయో తెలియక అటూ ఇటూ వెతికింది.

ఆమె నిచ్చెన భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "నీకు వినపడటం లేదా?"

నిచ్చెన ఆమె పెదాలకేసి చూసింది. మొహం పాలిపోయింది.

"బళ్లో ఎవరికీ తెలీదే. పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. చెవికి మిషన్ పెట్టుకుంటే తెలిసిపోతుంది, ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని భయం." ఆ వెంటే అడిగింది. "ఇందాక నువ్వేమైనా అన్నావా?"

ఒకసారి చెప్పడానికే రెండు నెలలు పట్టింది. మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేదు.

"ఆయన వెళ్లిపోయాడే."

"ఊరికా? ఎప్పుడొస్తాడు?"

"రాడు."

నిచ్చెన ఆమె చెయ్యి పట్టుకుంది. ఎంత ఎదురుచూసినా ఆమెకు ఏడుపు రాలేదు.

తర్వాత మూడు రోజులూ అక్కడికే వెళ్లారు. మాట్లాడాలంటే ఎదురెదురుగా కూర్చోవాలి, పిట్టల్ని చూడాలంటే పక్కపక్కన. ఎక్కువసేపు పక్కపక్కనే కూర్చున్నారు.

బస్సు దగ్గర నిచ్చెన అంది, "సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తాలే."

"నేనూ అన్నయ్యకు చెప్తాలే."

ఒట్టు వేయమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.