కొక్కెం దిగిన నీడ

సాయంత్రం నాలుగైంది. బయట ముసురు.

పిల్లల సంరక్షణ ఆఫీసులో ఇళ్ళకు వెళ్ళి చూసొచ్చేవాళ్ళు నలుగురు. బయల్దేరేముందు నీడల్ని విప్పి గోడ కొక్కేలకు తగిలిస్తారు. గుమ్మంలో నీడ పడితే పిల్లలు బెదురుతారు. ఆ నీడల దుమ్ము దులిపి, చిరుగులు కుట్టేది రిజిస్టరు రాసే ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నా ఆ పని ఏ కాగితంలోనూ లేదు.

ఇల్లు దాటి బయటపడగానే ఫోన్ చెయ్యాలి. అప్పుడు ఆవిడ వాళ్ళ పేరు పక్కన టిక్కు పెడుతుంది.

"నాలుగు టిక్కులూ పడ్డాయిగా అక్కా, ఇక నన్నొదిలెయ్" అన్నాడు డ్రైవరు, టీ ఊదుకుంటూ.

ఆవిడ నాలుగో కొక్కెం వైపు చూసింది. అది, అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయిది. ఉద్యోగంలో చేరి రెండు నెలలైన పిల్ల. నీడ కొక్కెం దిగి, గోడవార మోకాళ్ళు ముడుచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"మూడున్నరకి ఫోన్లో వేరే ఇంటి తల్లి ఏడుస్తోంది. పిచ్చుక రోజూ ఆ టైముకే చేస్తుందిగా, ఎలాగూ చేస్తుందిలే అని టిక్కు పెట్టేశాను. చెయ్యలేదు."

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. "ఏ ఇల్లు?"

"మెట్ల కింద వాటా. తండ్రి తాగుబోతు."

అతను జీపు తీసుకుని అక్కడికి బయల్దేరాక ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది.

"ఎలా తెలుసమ్మా?"

"నీడ కూర్చుంది."

"సరే, ఇద్దర్ని పంపుతున్నాం."

చెయ్యడానికి ఇంకేమీ లేదు. నడుం పట్టేసినా నేలమీద కూలబడి, నీడ వీపు మీద చెయ్యేసింది. నీడ చల్లగా వణుకుతోంది. చాలాసేపటికి వణుకు తగ్గింది.

ఐదున్నరకి జీపు వచ్చింది. పిచ్చుక చంకలో నాలుగేళ్ళ పాప.

"తలుపు గడియ పెట్టి ఇనుపరాడ్డుతో నిలబడ్డాడు పిన్నీ. తోసుకుని పరిగెడదామనుకున్నా. ఇంతలో వీపు మీద ఎవరో చెయ్యేశారు. పాపని పట్టుకుని కదలకుండా కూర్చున్నా. పోలీసులొచ్చేదాకా."

"పరిగెత్తి ఉంటే?"

పిచ్చుక నీడ తొడుక్కుంటూ, "రిజిస్టర్లో నన్ను ముందే బయటపడేశావటగా, డ్రైవరన్న చెప్పాడు" అంది.

"ఆ టిక్కు మీద అడ్డగీత కొట్టేశాన్లే."

ఆవిడ రిజిస్టరు తెరిచింది. పాప పేరుకి గడి లేదు. పేజీ అంచున రాసింది. తర్వాత తలెత్తి, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ లెక్కపెట్టింది. ముసురులో తడిసొచ్చిన మిగతా ముగ్గురు. డ్రైవరు. పిచ్చుక. పాప.

ఆరుగురు.